ఒకే తేదీన చేరిన కొండమేక, తాబేలు

ఆ ఊళ్లో కొండకీ సముద్రానికీ మధ్య జాగా బహు తక్కువ. ఉన్నదాంట్లో సగం జంతు ప్రదర్శనశాల, మిగతా సగం దాని కార్యాలయం. జంతువులు నలభై రెండు, సిబ్బంది నలభై ఆరుగురు. జంతువులకు సెలవులూ సమ్మెలూ లేవు కనుక ప్రదర్శనశాల ఏనాడూ మూతపడలేదు.

హైమవతి అక్కడ ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ చూసే జూనియర్ అసిస్టెంటు. సెలవులు, ఇంక్రిమెంట్లు, బదిలీలు అన్నీ ఆమె బల్ల మీదుగానే పోవాలి. పద్నాలుగేళ్ల సర్వీసులో ఆమె రాసిన నోటులో కొట్టివేత కనబడలేదని పేరు. వంటింట్లో పప్పు ఏరినట్టే కాగితంలో మాటలు ఏరుతుంది.

జనవరి నెల రెండో సోమవారం పొద్దున్నే కీపరు ఎల్లాజీ వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. ఎల్లాజీ ఒకప్పుడు తెప్ప మీద వేటకు పోయిన మనిషి. వల వదిలి ఇక్కడ చేరి ఇరవై ఏళ్లయినా నడకలో ఇంకా తెప్ప మీది ఊపు పోలేదు.

"అమ్మగోరూ, మన నూకాలు కడుపుతో ఉందండి."

హైమవతి అలవాటు కొద్దీ ప్రసూతి సెలవు ఫారం కోసం డ్రాయరు లాగింది. "ఎన్నో నెల?"

"ఓలమ్మ! తాబేలండి. తొట్టిలో నూకాలు."

హైమవతి డ్రాయరు మూసింది.

నూకాలు సముద్రపు తాబేలు. రెండేళ్ల కిందట వల తాడు చుట్టుకుని ముందు కుడి తెడ్డు సగం కోసుకుపోయి ఒడ్డుకు కొట్టుకొస్తే, ఎల్లాజీయే తడి గోనెలో చుట్టి ఆటోలో తీసుకొచ్చాడు. పశువైద్యుడు కుట్లు వేశాడు. గాయం మాని ఏడాది అయింది. ఇక సముద్రంలో వదిలిపెట్టవచ్చని వైద్యుడు రాసిచ్చిన కాగితం హైమవతే నవంబరులో రాజధానికి పంపింది.

"డాక్టరు బాబు నిన్న సూసేరమ్మా. కడుపు నిండా గుడ్లేనంట. సముద్రంలో కలిసిన మొగదాని ఇత్తనం ఇన్నాళ్లూ ఒంట్లో దాసుకుందంట. ఒడ్డెక్కి ఇసక తవ్వి ఎట్టాల. మన తొట్టిలో ఇసకేదీ? అంతా సిమెంటే. లోపలుండిపోతే కుళ్లిపోతాయి, దాని పేనం మీదకొచ్చేస్తాది. మూడు వారాలు, మా ఎక్కువైతే నాలుగు. ఆ కాయితం ఎక్కడుందో బేగి సూడండమ్మా."

వెతకాల్సిన పని లేకపోయింది. ఆ పొద్దున టపాలోనే జవాబు వచ్చి ఉంది. హైమవతి కవరు చింపి, ఒకసారి చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది.

జరిగినది ఇది. కేంద్ర కార్యాలయంలో జంతువుల జననానికి ఒక సెక్షను ఉంది, మరణానికి ఒకటి ఉంది, మార్పిడికి ఉంది, పారిపోవడానికి కూడా ఉంది. విడిచిపెట్టడానికి లేదు. నూకాలు ఫైలు ఏ బల్ల మీదా నిలవక తిరిగి తిరిగి, చివరికి ఒక అనుభవజ్ఞుడి చేతికి చేరింది. ఆయన దానిలోని సారాంశం గ్రహించాడు. సదరు నూకాలు ప్రస్తుతం పనిచేయుచున్న చోటు నుండి పుట్టినచోటుకు పోవలెనని కోరుచున్నది. అనగా స్వస్థలమునకు బదిలీ. ఫైలు బదిలీల సెక్షనుకు వెళ్లింది. బదిలీల సెక్షనువారు తమ పని తాము చేశారు.

"స్వస్థలమునకు బదిలీ ఒక కార్యాలయము నుండి సంవత్సరమునకు ఒక్కరికి మాత్రమే ఇవ్వదగును. అదే తేదీన సర్వీసులో చేరినవారు మరొకరు ఉన్నచో, ఉభయుల యోగ్యతలను పోల్చి, అధికుని పేరు మాత్రమే సిఫారసు చేయవలెను. తులనాత్మక పట్టిక జతపరచనందున దరఖాస్తు తిప్పి పంపడమైనది."

హైమవతి జంతువుల రిజిస్టరు తెరిచింది. రెండేళ్ల కిందట మార్చి తొమ్మిదో తేదీన ఇద్దరు చేరారు. పూర్వాహ్నం: సముద్ర తాబేలు, ఆడది. అపరాహ్నం: హిమాలయ కొండమేక, మగది, మార్పిడి మీద లారీలో.

"బాదుషాయా?" అన్నాడు ఎల్లాజీ. కొండమేకకు ఆ పేరు కీపర్లు పెట్టిందే. సిమెంటు గుట్ట కొసన నాలుగు గిట్టలూ ఒక్కచోట చేర్చి నిలబడి, కింద టిక్కెట్టు కొన్నవాళ్ల వంక అది చూసే చూపుకు మరో పేరు నప్పదు. "ఆడికీ దీనికీ పోలికేటమ్మా? ఆడు కొండ కొమ్మునుంటాడు, ఇది కడలి అడుగునుంటాది. దారిలో ఎదురుపడినా ఒకర్నొకరు పలకరించుకోరు."

"చేరిన తేదీ ఒకటే, ఎల్లాజీ" అంది హైమవతి. చెప్పాక తన మాట తనకే నచ్చలేదు.

*

క్యూరేటర్ భానోజీరావు గారు మంచివారు. ఆయన స్వస్థలానికి బదిలీ దరఖాస్తు కూడా అదే సెక్షనులో మూడేళ్లుగా ఉంది. అందుకని బదిలీల సెక్షను అనే మాట వినబడితే చాలు, కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చుంటారు.

"వాళ్లు అడిగింది ఇద్దాం అమ్మా హైమవతీ. పట్టికే కదా."

"సార్, కొండమేక బదిలీ అడగలేదు కదండీ."

"అడగనంత మాత్రాన అక్కర్లేదని మనమెలా అనుకుంటాం? రేపు అన్యాయం జరిగిందని వస్తే? నోటీసు ఇవ్వండి. ఏడు రోజుల్లోగా అనిష్టత తెలియజేయకపోతే ఇష్టం ఉన్నట్టు భావించబడును."

నోటీసు తయారైంది. దాన్ని గుట్ట మొదట్లో అంటించారు. బాదుషా మేతకు తప్ప కిందికి దిగదని, కాబట్టి నోటీసు అభ్యర్థి మామూలుగా నివసించే చోట అంటించలేదనే ఆక్షేపణ రావచ్చని క్యూరేటర్ గారికి రెండో రోజు తట్టింది. ఇద్దరు అటెండర్లు నిచ్చెన వేసుకుని గుట్ట ఎక్కారు. ఒకడు పైకి చేరాడు, ఒకడు ఆసుపత్రికి చేరాడు. బాదుషా పక్క గుట్ట మీదికి దూకి, అక్కడి నుంచి అంతా చూసింది. నోటీసు అంటించిన తేదీ మారినందున ఏడు రోజులూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

గడువు పూర్తయ్యాక ఎల్లాజీ వచ్చి అడిగాడు. "బాదుషా ఏటన్నాడమ్మా?"

"ఏమీ అనలేదు. కాబట్టి ఇష్టమే."

"మా ఆవిడా అంతే. ఏటీ అనకపోతే ఇష్టమనుకుని నానూ శానా దెబ్బతిన్నాను." నవ్వలేదు వాడు. "తొమ్మిది రోజులైపోనాయమ్మా."

*

మరో ఐదు రోజులకు, పట్టిక నింపడానికి రాజధాని నుంచి ఒక కమిటీ దిగింది. ఆ ఏడాది అక్కడ 'ఒకే కొలబద్ద' అనే పథకం మహా జోరుగా నడుస్తోంది. ఎవరు ఎవరన్నది చూడకుండా అందరినీ ఒకే ఫారం మీద కొలవడం దాని సూత్రం. గుమాస్తాలనూ వంతెనలనూ ఆసుపత్రి మంచాలనూ అప్పటికే కొలిచేశారు. జంతువులు కొత్త.

చైర్మన్ పూర్ణానందం గారు నిండైన మనిషి, కంఠం అంతకన్నా నిండు. సిబ్బందినందరినీ ఏనుగు లేని ఏనుగుల షెడ్డులో కూర్చోబెట్టి ప్రసంగించారు.

"కొండలో పుట్టిందా, కడలిలో పుట్టిందా అని అడగటం వెనకటి రోజుల సంకుచిత దృష్టి. పుట్టుకను బట్టి ఒక జీవికి ఒక కొలమానం, మరో జీవికి మరో కొలమానం పెట్టడం వివక్ష. కొలబద్ద ఒక్కటే. అందులో ఎవరెంత తేలితే అంత!"

చప్పట్లు మోగాయి. ఎల్లాజీ పక్కవాడితో, "అయితే ఈ బాబుని తొట్టిలో దింపి సూద్దాం, ఎంత తేల్తారో" అన్నాడు. హైమవతి ఫైలు అడ్డం పెట్టుకుని దగ్గింది.

కమిటీలో రెండో ఆయన కొలమాన నిపుణుడు వంశీధర్. సన్నని కుర్రవాడు, మెడలో స్టాప్‌వాచీ, చేతిలో ఫారాల అట్ట. పరీక్ష నూకాలుతో మొదలైంది.

"కాళ్లు ఎన్ని?"

"తెడ్లండి, నాలుగు" అన్నాడు ఎల్లాజీ.

"ఫారంలో తెడ్లు లేవు. కాళ్లు నాలుగు అని వేస్తున్నాను."

"ఏసీండి బాబూ. ఏసినంత మాత్రాన నడిసీదు గానీ."

"కొమ్ములు?"

"లేవు."

"సున్నా. గడ్డం?"

"ఆడదండి!"

"గడ్డం సున్నా. పై అధికారులు వచ్చినప్పుడు లేచి నిలబడునా?"

ఎల్లాజీ నూకాలు వైపు చూశాడు. నూకాలు తొట్టి అడుగున ఉంది. "ఊపిరికి పైకొత్తాదండి. అధికారుల కోసమైతే రాదు."

బాదుషాకు మొదటి ఆరు అంశాల్లోనూ నిండుగా మార్కులు పడ్డాయి. రోజంతా నిలబడే ఉంటుంది కనుక మర్యాదలో పదికి పది. అయితే ఏడో అంశం ఈత. బాదుషాను తొట్టి దగ్గరికి తెచ్చారు. అది నీళ్ల వంక చూసి, వంశీధర్ వంక చూసి, అక్కడి నుంచి ఒక్క గంతులో తొట్టి దాటి, రెండో గంతులో పంపు షెడ్డు మీద ఉంది. ఎనిమిదో అంశం ఊపిరి బిగబట్టుట. నూకాలు నీళ్లలో మునిగి, అందరూ టీ తాగి వచ్చేవరకు తేలలేదు. తొమ్మిదో అంశం ఏటవాలు ఎక్కుట. అందులో దానికి సున్నా.

ఈతకూ ఊపిరికీ ఫారంలో మార్కులు ఎక్కువ కనుక, సాయంత్రం కూడితే ఇద్దరికీ నలభై ఒకటి వచ్చాయి.

పూర్ణానందం గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "కొండమేకకు ఈత రాదు. తాబేలుకు ఎక్కడం రాదు. ఇది అభ్యర్థుల లోపం కాదు, శిక్షణా లోపం. ఇన్నాళ్లూ వీటికి అవకాశం ఇవ్వనిది మనమే. పది రోజుల శిక్షణ, తరువాత తుది పరీక్ష."

"పది రోజులా!" అన్నాడు ఎల్లాజీ. అంతమంది పెద్దల మధ్య వాడి గొంతు అంత పెద్దగా వినబడటం అదే మొదలు. "బాబూ, అది కడుపుతో ఉంది. అంతవరకు ఆగదు."

వంశీధర్ ఫారం తిరగేసి చూశాడు. "గర్భం అనే కాలమ్ లేదు."

*

శిక్షణ మొదలైంది. బాదుషా ఈత గురువుగా నీళ్ల పంపు నడిపే మనిషిని వేశారు. ఐదు రోజుల కృషి ఫలితంగా అది నీళ్లు తాగడానికి వంగినప్పుడు గడ్డం కొస తడిసింది. ప్రగతి నివేదికలో 'పాక్షికంగా నీటిలో ప్రవేశించినది' అని రాసి రెండు మార్కులు వేశారు. నూకాలు కోసం తొట్టి పక్కన చెక్కబల్లను ఏటవాలుగా అమర్చారు. తాబేలును ఆ బల్ల మీద పెట్టమంటే ఎల్లాజీ పెట్టలేదు. పెట్టకపోతే మెమో వస్తుందన్నారు. "ఇవ్వండి. ఆ బల్ల మీద నానే ఎక్కుతాను, మార్కులు దానికేసీండి" అన్నాడు.

ఆరో రోజు మధ్యాహ్నం హైమవతి క్యారియరు విప్పింది. పెరుగన్నం కలుపుకుంటుండగా కిటికీలోంచి ఒక చప్పుడు వినబడింది. గరగరమని రాయి మీద ఏదో గీరినట్టు. కాసేపు ఆగి మళ్లీ. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లింది.

తొట్టి గట్టు మీద ఎల్లాజీ గొంతుక్కూచుని ఉన్నాడు. నీళ్లు సగం తీసేసి ఉన్నాయి. నూకాలు ఒక మూల చేరి, వెనక తెడ్లు రెండూ మార్చి మార్చి సిమెంటు నేల మీద ఆడిస్తోంది. ఎడమది, కుడిది, ఎడమది, కుడిది. గిన్నె అడుగున మాడు గీరుతున్నట్టు. ఆ రెండు తెడ్ల అంచులూ చెక్కుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

"గొయ్యి తవ్వుతున్నాదమ్మా" అన్నాడు ఎల్లాజీ. "నిన్న రేతిరి నించీ ఇంతే. మేత ముట్టలేదు. ఇసకనుకుంటున్నాది పాపం."

హైమవతికి ఇద్దరు పిల్లలు. ఆమె వెంటనే తన బల్ల దగ్గరికి వచ్చేసింది. పెరుగన్నం మూత పెట్టేసి, బీరువాలోంచి 'ఒకే కొలబద్ద' మార్గదర్శకాల పుస్తకం తీసింది. నలభై పేజీలు. కార్యాలయంలో ప్రతి బల్ల మీదా ఒక ప్రతి ఉంది, అన్నిటికీ పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. ఆమె స్కేలుతో ఒక్కో పేజీ విడదీస్తూ, బియ్యంలో రాళ్లు చూసినట్టు, మొదటి నుంచి చివరి వరకు చూసింది. ముప్పై మూడో పేజీలో చెయ్యి ఆగింది.

అరగంటలో నోటు రాసి క్యూరేటర్ గారి ముందు పెట్టింది.

"తుది పరీక్ష మనుష్యనిర్మితము కాని సహజమైన ఏటవాలుపై జరుపవలెనని నిబంధన. మన సిమెంటు గుట్టగానీ చెక్కబల్లగానీ ఇందుకు పనికిరావు. సహజమైన ఏటవాలు అర కిలోమీటరు దూరంలోని ఇసుక ఒడ్డున లభ్యమగుచున్నది. ఎక్కుటకు తక్కువ శిక్షణ చాలునంత మెత్తని వాలు అగుటచేత పరీక్షను రేపే జరుపవచ్చును. ఆదేశములకై సమర్పించడమైనది."

భానోజీరావు గారు రెండుసార్లు చదివారు. "ఒడ్డంటే... పక్కన సముద్రం ఉంటుంది కదమ్మా?"

"ఉంటుందండి. వాలు సహజంగా ఉండాలనే ఉంది కానీ, పక్కన ఏముండకూడదో పుస్తకంలో లేదు."

"బదిలీల సెక్షనువాళ్లు ఏమీ అనరు కదా?"

"రాజధాని వాళ్ల నిబంధనే కదండీ."

ఆయన సంతకం పెట్టారు. నిబంధన దొరికినందుకు పూర్ణానందం గారు కూడా సంతోషించారు.

ఆ సాయంత్రం హైమవతి ఎల్లాజీతో మెల్లగా చెప్పింది. "నీళ్ల అంచున దింపుతావు. ఈల వేస్తారు. అది ఎటు వెళితే అటే. మనం ఏమీ చెయ్యనక్కర్లేదు."

"సముద్రం కనబడితే ఇంకెటెల్తాదమ్మా!" అన్నాడు ఎల్లాజీ. చాలా రోజుల తరువాత వాడి పళ్లు కనబడ్డాయి.

*

పరీక్ష నాలుగింటికి. చైర్మన్ గారి భోజనం, దాని తరువాతి విశ్రాంతి ముగిసేసరికి ఐదున్నర అయింది. సూర్యుడు కొండ వెనక్కి పోయి ఒడ్డంతా నీడ పరుచుకుంది. నీళ్ల అంచున ఒక సున్నపు గీత, పైన ఇసుక దిబ్బ దగ్గర మరో గీత. వాటి పక్కన 'పరీక్షా కేంద్రము, ఇతరులకు ప్రవేశము లేదు' అనే బోర్డు పాతారు. వంశీధర్ అభ్యర్థులిద్దరికీ వినబడేలా పరీక్ష నియమాలు పదిహేనూ చదివాడు.

ఈల మోగింది.

బాదుషా నాలుగు గంతుల్లో దిబ్బ ఎక్కేసి, అక్కడ ఇంకా ఎత్తయినది ఏముందా అని చూసి, చైర్మన్ గారి జీపు కప్పు మీదికి చేరి నిలబడింది.

ఎల్లాజీ తడి గోనె విప్పాడు. నూకాలు మెడ చాచింది. ఒక చిన్న అల వచ్చి దాని ముక్కును తడిపి వెనక్కి పోయింది. హైమవతి పైట కొంగు వేలికి చుట్టుకుని చూస్తోంది. వెళ్లు తల్లీ, వెళ్లిపో.

నూకాలు మెల్లగా తిరిగింది. నీటికి వీపు పెట్టి ఇసుక వాలు ఎక్కడం మొదలుపెట్టింది.

"భేష్!" అన్నారు పూర్ణానందం గారు. "చూశారా? శిక్షణ!"

హైమవతి ఉన్నచోటి నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. ఎల్లాజీ వంక చూసింది. వాడి చెయ్యి నోటి మీద ఉంది. నూకాలు పది అడుగులు పాకి, ఆగి రొప్పి, మళ్లీ పాకుతోంది. మానిన తెడ్డు వైపు గీత కొంచెం వంకరగా పడుతోంది. పై గీత దాటింది. వంశీధర్ వాచీ నొక్కాడు. నూకాలు ఆగలేదు. ఇంకా పైకి, పొడి ఇసుకలోకి వెళ్లి, అక్కడ ఒకసారి చుట్టూ తిరిగి, వెనక తెడ్డుతో ఇసుక తీసి పక్కకు పోసింది. ఎడమది. కుడిది. ఈసారి చప్పుడు లేదు.

"ఏం చేస్తోంది?" అన్నాడు వంశీధర్.

"గుడ్లెడతన్నాది. నోరు మూసుకోండి బాబూ" అన్నాడు ఎల్లాజీ.

ఎవరూ తప్పు పట్టలేదు. అందరూ నిజంగానే నోరు మూసుకున్నారు. భానోజీరావు గారు సెల్‌ఫోను ఆపేశారు. పూర్ణానందం గారు బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మునివేళ్ల మీద నడిచి వచ్చి, ఎల్లాజీ చూపించిన చోట మోకాళ్ల మీద కూర్చున్నారు. గొయ్యిలోకి తెల్లని గుడ్లు రెండేసి, మూడేసి జారుతున్నాయి. నూకాలు కళ్ల నుంచి నీరు కారుతోంది.

"ఏడుస్తోందా?" చైర్మన్ గారి గొంతు అంత సన్నగా ఉంటుందని ఎవరికీ తెలియదు.

"అలగే కారుతాదండి. ఉప్పు."

"మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నేను ఆడిటింగ్‌లో ఉన్నాను" అన్నారాయన, ఎవరితోనో తెలియకుండా.

వంశీధర్ పెదవులతో లెక్కపెడుతున్నాడు. నూట ఇరవై మూడు దగ్గర ఆగాడు. నూకాలు ఇసుక కప్పి, ఒంటితో అదిమి చదును చేసి, తిరిగి సముద్రం వైపు బయలుదేరింది.

"ఆగండి, ఆపండి!" వంశీధర్‌కు ఒక్కసారి ఉద్యోగం గుర్తొచ్చింది. "ఫలితం ప్రకటించలేదు. అభ్యర్థి పరీక్షా కేంద్రం వదలకూడదు. ఎల్లాజీ, పట్టుకో!"

ఎల్లాజీ చేతులు కట్టుకుని ఇసుకలో దిగబడినట్టు నిలబడ్డాడు. "నా వల్ల గాదు బాబూ. ఉజ్జోగం తీసీండి."

అందరూ చైర్మన్ గారి వంక చూశారు. ఆయన తాబేలు వంక, చేతిలోని బూట్ల వంక చూసుకున్నారు. ఏదో ఒక ఆధారం లేకుండా ఊరుకోవడం ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో లేదు.

"సార్," అంది హైమవతి. "ఇందాక చదివిన పదకొండో నియమం. సమాధానపత్రం అప్పగించిన అభ్యర్థి హాలు వదిలి వెళ్లవచ్చును."

"సమాధానపత్రం ఎక్కడుంది?" అన్నాడు వంశీధర్.

ఆమె చదునైన ఇసుక చూపించింది.

పూర్ణానందం గారు పొడుగ్గా ఊపిరి వదిలారు. "అప్పగించినట్టే. వెళ్లనివ్వండి."

నూకాలుకు ఆ అనుమతి అందిందో లేదో. అల ఒకటి వచ్చి దాన్ని కొంచెం లేపింది, రెండోది ఇంకొంచెం. మూడో అలలో నల్లగా వీపు ఒకసారి మెరిసి, తరువాత అంతా నీళ్లే. ఎల్లాజీ మొలలోతు వరకు వెంట నడిచి, అక్కడే నిలబడిపోయాడు. తిరిగొచ్చాక తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఉప్పు" అన్నాడు.

వంశీధర్ ఫారాలు సర్దుకున్నాడు. "ఇక మూసేద్దామా సార్? బోర్డు పీకించమంటారా?"

"పీకితే కుక్కలొచ్చి తవ్వేత్తాయి బాబూ" అన్నాడు ఎల్లాజీ. "ఇక్కడి కుక్కలకి గుడ్లంటే పేనం. నక్కలూ ఉన్నాయి. మడుసులున్నారు, ఆళ్లు మరీను."

"పిల్లలు ఎన్నాళ్లకు వస్తాయి?" అడిగారు చైర్మన్ గారు.

"ఏబై రోజులు. ఎండ సరిగ్గా ఉంటే."

పూర్ణానందం గారు బూట్లు కింద పెట్టారు. కంఠం మళ్లీ నిండుగా వచ్చింది. "రాసుకోండమ్మా. పరీక్ష ముగియలేదు. యాభై రోజుల పాటు పొడిగించడమైనది. అంతవరకు ఈ పరీక్షా కేంద్రంలోకి మనిషినిగానీ కుక్కనుగానీ రానివ్వరాదు. పగలూ రాత్రీ కాపలాకు ఎల్లాజీని నియమించడమైనది. బోర్డును రెండు గజాలు పైకి జరిపి, ఆ ఇసుక చుట్టూ తాడు కట్టండి."

హైమవతి రాసుకుంది. కొట్టివేత లేదు.

"కానీ సార్," అన్నాడు వంశీధర్ అయోమయంగా, "అభ్యర్థి వెళ్లిపోయింది. కొండమేక మీ జీపు దిగడం లేదు. పరీక్ష ఎవరికి?"

చైర్మన్ గారు ఇసుక వైపు చూపించారు.

"నూట ఇరవై ముగ్గురు ఉన్నారు. గట్టిగా మాట్లాడకండి."